పద్దెనిమిది నిమిషాల బోటు

నార్సింగిలో మేముండే అపార్ట్‌మెంట్ల ఆవరణలో మంగళవారం, శుక్రవారం పొద్దున ఆరున్నరకు గడ్డి కోస్తారు. మాది పదకొండో అంతస్తు. కోసిన గడ్డి వాసన అంత ఎత్తుకు రాదు కాని, మిషను తాలూకు పెట్రోలు వాసన మాత్రం బాల్కనీ తలుపు తీయగానే లోపలికి వచ్చి కాఫీ గ్లాసు దగ్గర నిలబడుతుంది. పోయిన శుక్రవారం ఆ వాసనతో పాటు మిషను మాటిమాటికీ ఆగిపోవడం కూడా వినబడింది. లెక్క పెట్టకుండా ఉండలేను, డెబ్బై నాలుగేళ్లు వచ్చినా నాకు ఆ రోగం తగ్గలేదు. మొదటిసారి పన్నెండు నిమిషాలు నడిచి ఆగింది, రెండోసారి ఐదు, మూడోసారి నాలుగు. మోకాళ్లు వద్దంటున్నా లిఫ్టులో కిందికి దిగాను.

తోటపని చేసే బాలయ్య నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చి ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నాడు. మిషను పక్కన గొంతుక్కూర్చుని, తాడు లాగి లాగి చొక్కా అంతా తడుపుకున్నాడు.

"ఏంది బాలయ్యా?"

"ఏం చెప్పాలె పెద్దమ్మా, పొద్దుగాల్నుంచి పరేషాన్ చేస్తుంది. పెట్రోల్ నిండ పోసిన, ప్లగ్గు తుడిచిన. జర సేపు నడుస్తది, మల్ల గుర్రుమని పంటది."

"ట్యాంకు మూత కొంచెం వదులు చేసి లాగు."

ముసలామె మాట తీసెయ్యడం ఎందుకన్నట్టు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడైంది. తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది, మళ్లీ ఆగలేదు. మూత మధ్యలో ఉండే సన్న బెజ్జంలో గడ్డి పొట్టు బిగిసిపోయింది, అంతే. "మెకానిక్ పని చేసిన్రా ఏంది పెద్దమ్మా, మాకే పాఠం చెప్పబట్టిరి" అని నవ్వాడు. లేదన్నాను. పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుంటే ఇరవై నిమిషాల దాకా లేవబుద్ధి కాలేదు.

ఆ బల్ల మీద నుంచి చూస్తే రెండు టవర్ల మధ్య బెత్తెడు వెడల్పున నీళ్లు కనబడతాయి. ఇప్పుడు ఫ్లాట్లు అమ్మేవాళ్లు దాన్ని లేక్ వ్యూ అంటారు. మేము చెరువు అనేవాళ్లం. పట్నానికి తాగే నీళ్లు ఇచ్చే పెద్ద చెరువు అది. దాని కట్ట కింద నీళ్ల ఆఫీసు వాళ్లు కట్టించిన నాలుగు పెంకుటిళ్లలో రెండోదాంట్లో నేను పుట్టాను, పద్నాలుగేళ్లు వచ్చేదాకా అక్కడే పెరిగాను. మా నాయిన నర్సింహులు అక్కడ గేజ్ రీడరు, అంటే రోజుకు రెండుసార్లు చెరువు మట్టం ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలుందో చూసి రిజిస్టరులో రాసే మనిషి.

ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోటంతా అప్పుడు గుండ్లే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్న బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, బలుసు పొదలు, ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టు చుర్రుమనేది, వానాకాలం మొదటి జల్లుకే వాటిలోంచి ఇనుము తడిసినట్టు ఒక వాసన లేచి ఇంట్లో పొయ్యి దగ్గరిదాకా వచ్చేది. బడి నార్సింగిలో, మా ఇంటి నుంచి నా అడుగులతో నాలుగువేల ఆరువందలు. వచ్చేటప్పుడు ఎక్కువయ్యేవి, దారిలో రేగుపండ్లుండేవి కాబట్టి. మధ్యాహ్నాలు చావిట్లో అమ్మతో, పక్కింటి పెద్దవ్వతో గచ్చకాయలు, అష్టాచెమ్మా. పెద్దవ్వ గవ్వలు వేసేటప్పుడు చీర చెంగు అడ్డం పెట్టి ఒక గవ్వను బోర్లించేది, నేను పట్టుకుని లెక్క చెబితే "నీ కండ్లు పాడుగాను, పోలీసోని ఇంట్ల పుట్టవల్సిన దానివే" అని నవ్వుతూ తిట్టేది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు కోసుకురావడానికి కొత్తగూడ వైపు గుట్టలదాకా పోయేవాళ్లం, సద్దుల నాడు నువ్వుల సద్ది, పెసర సద్ది, బెల్లం కలిపిన మలీద ముద్దలు ఇత్తడి గిన్నెల్లో పెట్టుకుని చెరువు మెట్ల మీద కూర్చుని తినేవాళ్లం. నీళ్లలోకి వదిలిన బతుకమ్మలు గాలికి ఒక్కొక్కటే బోటు రేవు దగ్గరికి కొట్టుకుపోయి, మర్నాడు పొద్దున బోటు చుట్టూ పసుపుపచ్చని చాప పరిచినట్టుండేది.

ఆ బోటు నా కంటే ముప్పై ఏళ్లు పెద్దది. పొడవు ఇరవై రెండు అడుగులు, టేకు చెక్క, మధ్యలో పెట్టె లాంటి గదిలో పెట్రోలు ఇంజను, దానికి వెనక కొంచెం ఎత్తులో రాగి రేకు ట్యాంకు. కట్టను నీళ్ల వైపు నుంచి చూసి రావడానికి వాడేవారు. అలలు కొట్టే వైపు రాళ్లు జారాయా, ఎక్కడైనా మట్టి కుంగిందా అన్నది పైనుంచి తెలియదు, పడవలో పోయి చూడాల్సిందే. వారానికి రెండు రోజులు నాయిన, బోటు డ్రైవరు ఖాజా చాచా కలిసి కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వచ్చేవారు. మొత్తం యాభై నిమిషాల పని.

ఖాజా చాచాకు అప్పటికి యాభై ఆరు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఒక్క ఇంజనుతోనే బతికాడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. ఆయనతో మాట్లాడాలంటే కుడివైపుకు పోయి అరవాలి. పొద్దున్నే పాత నూలు వేస్టు ముద్దతో ఇంజను ప్రతి ముక్కా తుడిచేవాడు, మా అమ్మ ఇత్తడి సామాను కూడా అంత శ్రద్ధగా తోమేది కాదు. సెలవు రోజుల్లో నన్ను కూడా బోటు ఎక్కించుకునేవారు. నాయిన తనకు ఆఫీసు వాళ్లిచ్చిన జేబు గడియారం నా చేతికిచ్చి, ఏ గుర్తు రాయి దగ్గరికి ఎన్ని గంటలకు వచ్చామో చెప్పమనేవాడు. నేను చెప్పింది నాయిన రాసుకునేవాడు. పదేళ్ల పిల్లకు దానికంటే పెద్ద ఉద్యోగం ఏముంటుంది?

నాయిన రాత గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చూడనిది రాసేవాడు కాదు, చూసింది రాయకుండా ఉండేవాడు కాదు. ఒకసారి జ్వరంతో పడుకుని సాయంత్రం మట్టం చూడలేకపోతే, ఆ గడిలో "చూడలేదు, జ్వరం" అని రాసి పెట్టాడు. పై ఆఫీసరు ఎందుకయ్యా ఇది, నిన్నటిదే వేసెయ్యరాదా అంటే "ఎట్ల ఏస్త సార్, నేను చూడలే గద" అన్నాడట. ఆ రిజిస్టరు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉండేది, దాని మీద గిన్నె పెడితే అమ్మకు కూడా చీవాట్లు పడేవి.

నాకు పదేళ్ల నాలుగు నెలలప్పుడు వచ్చిన దసరా అది. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది, అలుగు పారుతోంది, అంటే నిండిన నీళ్లు కట్ట చివర రాతి గోడ మీది నుంచి పొర్లి కిందికి దూకుతున్నాయి, ఆ హోరు మా ఇంట్లో గిన్నెల మోతలో కూడా వినిపించేది. దసరా పొద్దున ఇంట్లో గారెలు, తలకాయ కూర. ఆయుధపూజకు నాయిన గేజ్ కొలిచే కర్రను, ఆఫీసు తాళాలను, అమ్మ కత్తిపీటను కడిగి బొట్లు పెట్టారు. బోటుకు కూడా పూజ చేసే ఆచారం ఉండేది. అమ్మ వంటలో ఉండి, "నువ్వు పోయి పెట్టి రావే సుగుణా, మంచిగ పెట్టు" అని పసుపు కుంకుమ ఇచ్చి పంపింది. ఖాజా చాచా ఇంజను గది తలుపులు తెరిచి, చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. ఇంజనుకు పెట్టాను, చుక్కానికి పెట్టాను. ట్యాంకు మూత మాత్రం నున్నటి ఇత్తడిది, నూనె చేతుల జిడ్డు పట్టి కుంకుమ నిలవలేదు, రాలిపోతోంది. నాకు పని సగంలో వదలడం చేతకాదు. ఇంటికి పరుగెత్తి అమ్మ బొట్టు పెట్టెలోంచి మైనం తెచ్చాను. ఆ రోజుల్లో ఆడవాళ్లు నుదుట ముందు మైనం అద్ది దాని మీద కుంకుమ పెట్టుకునేవారు, రోజంతా చెదరకుండా ఉండేది. శనగగింజంత మైనం వేళ్ల మధ్య వెచ్చబడేదాకా నలిపి, మూతకు సరిగ్గా నడిమధ్యలో, ఇటు అటు వేళ్లతో కొలిచి మరీ గట్టిగా ఒత్తి, పైన కుంకుమ అద్దాను. చాచా వంగి చూసి, "వా బేటీ, పెండ్లికూతురు లెక్క చేసినవ్" అన్నాడు. కొబ్బరికాయ ముక్కలు ఇద్దరం కూర్చుని తిన్నాం.

దసరా అయిన నాలుగో రోజు బోటు చెరువు మధ్యలో మొదటిసారి ఆగింది. ఇంజను ఒక్కసారిగా ఆగలేదు. ముందు గొంతు సన్నబడింది, తర్వాత దగ్గు, రెండుసార్లు వణికి నిశ్శబ్దం. నేను గడియారం చూశాను, బయలుదేరి పద్దెనిమిది నిమిషాలు. చాచా హ్యాండిల్ తిప్పాడు, పలకలేదు. ట్యాంకు మూత తీసి, గీతలు పెట్టిన వెదురు పుల్ల ముంచి చూశాడు. సగం ట్యాంకు ఉంది. మూత పెట్టి మళ్లీ తిప్పితే వెంటనే అందుకుంది. "మురికి అడ్డం పడ్డట్టుంది నర్సింలూ, పోయింది" అన్నాడు. ఇంకో పద్దెనిమిది నిమిషాలకు మళ్లీ ఆగింది.

ఆ తర్వాత మూడు వారాలు ఖాజా చాచా చేయని పని లేదు. రేవులో బోటు కట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే విప్పేవాడు, చిన్నపిల్లకు చెప్తున్నట్టు కాక తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పేవాడు. "పెట్రోల్ యాడికెళ్లి వస్తది? ట్యాంకుల కెళ్లి. యాడికి పోతది? నల్లా, గాజు గిన్నె, పైపు, కార్బరేటర్. గీ తొవ్వల యాడ్నో ఆగుతుంది. ఇంజన్‌కు దూపయితుంది బేటీ, నోటికాడికి వస్తలేదు." ముందు మూత తీసి పెట్రోలు ఉందో లేదో చూసేవాడు. తర్వాత ట్యాంకు కిందున్న నల్లా తిప్పి చూస్తే పెట్రోలు బొటనవేలంత ధారగా వచ్చేది. మురికి, నీటి చుక్కలు దిగి నిలబడే గాజు గిన్నె విప్పి తుడిచాడు, రెండు నీటి పూసలు తప్ప ఏమీ లేవు. రాగి పైపు విప్పి నోటితో ఊదితే అవతలి కొస నుంచి సాఫీగా గాలి వచ్చింది. కార్బరేటర్‌ను గుడ్డ మీద పరిచి, దానిలోని సన్న రంధ్రాన్ని బ్రష్షు వెంట్రుకతో పొడిచాడు. అంతా బిగించి రేవులోనే ఇంజను నడిపితే పది నిమిషాలు గుర్రంలా నడిచేది. చెరువులోకి పోతే ఆగేది.

ప్రతిసారీ ఆయన మొదట చేసే పని మూత తీయడం. మూతను కూడా అంచులు పట్టుకుని, వేళ్లు బొట్టుకు తగలకుండా, నిండు గిన్నె దించినట్టు తీసి పక్కన పెట్టేవాడు. ఇంజనంతా తళతళలాడేలా తుడిచే మనిషి ఆ మూత పైభాగాన్ని మాత్రం దసరా నుంచి తుడవలేదు. మూత తీసేటప్పుడు ఉస్సుమని ఒక చప్పుడు వచ్చేది. నాకు వినబడేది, పెట్రోలు ట్యాంకులన్నీ అలాగే అంటాయేమో అనుకున్నాను. ఆయనకు వినబడేది కాదు.

నా నోటుబుక్కులో చివరి పేజీలో నిమిషాలు రాసుకుంటూ పోయాను. ఎందుకు రాశానో చెప్పలేను, నాయిన రాస్తాడు కాబట్టి నేనూ రాశాను. సగం ట్యాంకు ఉంటే పద్దెనిమిది. పావు ఉంటే ఇరవై ఏడు. ముప్పావు ఉంటే తొమ్మిది. మూత తీయకుండా ఊరికే ఐదు నిమిషాలు ఆగి తిప్పితే నాలుగో ఐదో. మూత తీసి పెడితే మళ్లీ పద్దెనిమిది. పెట్రోలు ఎంత ఎక్కువ పోస్తే ఇంజను అంత తొందరగా దప్పికతో పడిపోతోంది. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు. నాయినకు చూపిస్తే, "మంచిగ రాసినవ్. కొట్టివేతలు లేకుంట రాయి" అన్నాడు.

నాయినకూ చాచాకూ మధ్య మాటలు తగ్గడం నేను గమనించాను. ఆగిన ప్రతిసారీ నాయిన రాస్తాడు, రాసిన ప్రతిసారీ చాచా కాగితం వైపు చూస్తాడు. "రోజు రాయాల్నా నర్సింలూ? ఒక్క వారం ఆగరాదు? ఫికర్ చెయ్యకు, దొర్కిచ్చుకుంట." "ఆగింది గద ఖాజా భాయ్. ఆగితే ఆగింది అనే రాస్త." రోజూ ఒకే బీడీ కట్టలోంచి తీసుకునే ఇద్దరు, నాలుగో వారంలో ఎవరిది వారు వెలిగించుకోవడం మొదలుపెట్టారు.

ఆగిన సంగతులన్నీ రిజిస్టరు ద్వారా పైకి పోయి, ఇంజనీరు సాబ్ స్వయంగా చూడడానికి వచ్చాడు. తెల్ల ప్యాంటు, నల్ల బూట్లు, బోటులో ఎక్కడ కూర్చుంటే మరక అంటుతుందో అని వెతుక్కునే మనిషి. ఆయన వస్తున్నాడని చాచా ముందురోజే ట్యాంకు నిండా, మూత అంచుదాకా పెట్రోలు పోశాడు. సాబ్ వస్తే తక్కువ కాకూడదు కదా. ఆ రోజు బడి ఉన్నా నేను పోలేదు, కట్ట మీద నిలబడి చూశాను. బోటు రేవు వదిలి అలుగు వైపు తిరిగింది. నాలుగు నిమిషాలు. ఇంజను గొంతు సన్నబడడం కట్ట మీద నాకు వినబడింది. పారుతున్న అలుగు నీళ్లను ఎంతగా లాగుతుందో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. పైకి నీళ్లు కదలనట్టే ఉంటాయి, బోటు మాత్రం పక్కకు జరుగుతూ ఉంటుంది. ఇంజనీరు సాబ్ లేచి నిలబడ్డాడు, నాయిన ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. చాచా హ్యాండిల్ వదిలేసి పొడుగాటి గెడ అందుకుని, ఒంటి బలమంతా దాని మీద వేసి, బోటును నీళ్లలో సగం మునిగిన ఒక బండకు ఆనించి, కట్ట మనుషులు తాడు వేసేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పదమూడు నిమిషాలు పట్టింది. గెడ విడిచాక ఆయన అరచేతుల్లో చర్మం లేదు.

ఒడ్డుకు వచ్చాక సాబ్ అరవలేదు. నాయినతో, చాచా చెవిటివాడు కాబట్టి వినబడదనుకుని, మామూలు గొంతుతో చెప్పాడు. ముసలివాడైపోయాడు, ఇంజను ఇతని చేతుల్లో లేదు, నెలాఖరుకు కొత్త డ్రైవరు వస్తాడు, ఇతన్ని తూము దగ్గర కావలికి వెయ్యండి. చాచా ఆయన పెదవులను చూస్తున్నాడు. ఆ సాయంత్రం నాయిన లాంతరు తుడిచి పెట్టుకుని రిజిస్టరు తెరిచాడు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రాశాడు: "అలుగు దగ్గర ఇంజను ఆగినది. కారణము డ్రైవరు అశ్రద్ధ."

అమ్మ కంచంలో అన్నం పెడుతూ, "ఆయనే లేకుంటే మీరు అలుగుల పోతుండిరి గద. అది రాసిన్రా?" అంది. నాయిన అన్నం కలుపుతూనే ఉన్నాడు. అది కూడా రాశాడో లేదో నేను తర్వాత చూశాను. రాశాడు, కింద చిన్నగా. కాని సాబ్ చదివేది పై వాక్యమే.

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుందనగా అమ్మ కొత్త నూనె డబ్బా తెరిచింది. రేకు డబ్బా, మూత మీద మేకు పెట్టి రోకలి బండతో కొట్టి ఒక మూలన బెజ్జం పెట్టింది. నేను గిన్నె పట్టుకుని వంచబోతే, "ఆగవే" అని ఎదుటి మూలన ఇంకో బెజ్జం పొడిచింది. రెండోది ఎందుకన్నాను. "గాలి పోవాలె గద మొద్దూ. గాలి లోపటికి పోకుంటే నూనె బయటికెట్ల వస్తది?" అంది. రెండో బెజ్జాన్ని వేలితో మూశాను. ధార సన్నబడింది, గుటకలు మింగినట్టు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వేలు తీశాను, ఉస్సుమంది, నూనె వచ్చింది. మళ్లీ మూశాను. అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ నాకు తగిలినట్టు కూడా లేదు.

చాచా రేవులో ఒక్కడే ఉన్నాడు. అరచేతులకు పసుపు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. కుడి చెవి దగ్గరికి పోయి నూనె డబ్బా సంగతి, ఉస్సుమనే చప్పుడు సంగతి, నా నిమిషాల సంగతి అన్నీ ఒక్క ఊపిరిలో అరిచాను. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలి తక్కువ ఉంటుంది, అందుకే తొందరగా ఆగుతుంది, చాచా మూత తీసినప్పుడల్లా గాలి పోతుంది, అందుకే రేవులో ఎప్పుడూ రోగం కనబడదు. ఆయన నోటుబుక్కు తీసుకుని దూరంగా పట్టి ఆ అంకెలు చూశాడు. తర్వాత మూత వైపు చూశాడు. నేను పెట్టిన బొట్టు ఐదు వారాలైనా చెక్కుచెదరకుండా నడిమధ్యలో ఉంది.

"దీని కింద బొక్క ఉంటది బేటీ," అన్నాడు మెల్లగా. "ఇరవై ఎనిమిదేండ్ల కెళ్లి తెలుసు నాకు. సూది పట్టేంత బొక్క. మర్చిపోయిన."

తుడవమన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నువ్వు పెట్టినవ్, నువ్వే తియ్యి. పూజ చేసింది, నా చెయ్యి పెట్టను." తుమ్మ ముల్లు తెచ్చి గీకాను. మైనం లోపలిదాకా దిగి, ఒక సన్నటి పుల్లలా బయటికి వచ్చింది. బోటు విప్పాడు. అలుగు వైపు పోకుండా కట్ట పొడవునా అటు పోయి ఇటు వచ్చాం. యాభై రెండు నిమిషాలు. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. నీటి కాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ రాళ్ల మీద వరుసగా ఉన్నాయి, చాచా వాటిని చూసి ఏదో ఉర్దూ పాట ముక్క కూనిరాగం తీశాడు. ఆయన పాడడం నేను విన్నది ఆ ఒక్కసారే.

రేవుకు రాగానే నాయినతో చెప్తానని దూకబోయాను. చాచా జడ పట్టుకుని ఆపాడు.

"నక్కో బేటీ. చెప్పకు."

"ఎందుకు? నీ తప్పు లేదు గద!"

"బోటు నీ బొట్టుతోని ఆగింది అని నేను చెప్పాల్నా? సాయిబు పూజ మీద పెట్టిండు అంటరు. వచ్చే దసరాకు బొట్టే వద్దంటరు. ఇంగ నీ సంగతి. మీ నాయిన చూసిందే రాస్తడు. రిజిస్టర్ల నీ పేరు రాస్తడు, బిడ్డ అని ఇడుస్తడా? ఇంజనీర్ సాబ్ ముంగట చదువుతరు." చెప్పనని నా చేత అనిపించుకుని, "మూత తుడ్వకపోవుడు నా గల్తే. డ్రైవర్‌ను నేను, నువ్వు గాదు," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయనే వచ్చి నాయినతో, మూత బొక్కలో మురికి పట్టింది, తీసేశాను, ఇక ఆగదు అని చెప్పాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. నాయిన మర్నాడు స్వయంగా బోటెక్కి చూసి వచ్చి రాశాడు: "మూత రంధ్రములో మురికి. డ్రైవరు శుభ్రము చేయనందున." సాబ్ దగ్గరనుంచి వచ్చిన జవాబులో ఉత్తర్వు మారలేదు, ఇంకా గట్టిపడింది. అంత చిన్న పని చేయనివాడికి బోటు ఎలా ఇస్తాం అన్నారు. నెలాఖరున ఖాజా చాచా బోటు తాళం కొత్త డ్రైవరుకు ఇచ్చి, తూము దగ్గర రేకుల గదిలోకి పోయాడు. రెండేళ్లు అక్కడ కూర్చుని నౌకరీ నుంచి దిగిపోయాడు. నేను బడినుంచి వచ్చే దారి అదే. పండిన సీతాఫలాలు బియ్యంలో మాగబెట్టి నాకోసం దాచేవాడు. చెరువు వైపుకు మాత్రం వీపు పెట్టి కూర్చునేవాడు. బోటు చప్పుడు ఆయనకు ఎలాగూ వినబడదు, చూడకపోతే సరిపోతుంది.

దిగిపోయాక కూతురి దగ్గరికి బీదరు వైపు వెళ్లిపోయాడు, మళ్లీ కనబడలేదు. నాయిన ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు బతికాడు. బోటు మాట వచ్చినప్పుడల్లా ఒకే మాట అనేవాడు: "ఖాజా మంచోడే. ప్రాణం మీదికొస్తే ఇడ్వని మనిషి. గని ఆఖర్ల శ్రద్ధ పోయింది." నేను ఆయన కంచంలో అన్నం వడ్డిస్తూ విన్నాను, మందులు గ్లాసులో కలుపుతూ విన్నాను, చివరి సంవత్సరం దవాఖానలో మంచం పక్కన కూర్చుని కూడా విన్నాను. చెప్పడానికి ముప్పై ఒక్క ఏళ్లు చాలా సమయం. మొదట్లో దెబ్బలకు భయం, తర్వాత చాచాకు ఇచ్చిన మాట అని నచ్చజెప్పుకున్నాను, ఆ తర్వాత, చూసిందే రాశానన్న ఒక్క నమ్మకం మీద బతికిన ముసలాయన దగ్గరనుంచి దాన్ని ఎలా లాక్కోవాలో తెలియలేదు. ఏ కారణం సరైనదో ఇప్పటికీ తేలలేదు. నాకు తేలని లెక్క అదొక్కటే.

ఇప్పుడు పెంకుటిళ్లు లేవు. రేవు లేదు, బోటును ఎప్పుడు తీసేశారో తెలియదు. గుండ్లు పగలగొట్టి కంకర చేశారు, ఆ కంకరతోనే ఈ టవర్లు లేచాయని మా అల్లుడు అంటాడు. నేను గునుగు పువ్వు కోసిన గుట్ట మీద ఫ్లైఓవరు దిగుతుంది. మా అమ్మాయి ఆఫీసుకు పోయే దారిలో సిగ్నలు దగ్గర కారు ఆగినప్పుడు, ఇక్కడే తూము గది ఉండేదని చెప్పబోయి ఊరుకుంటాను, ఆకుపచ్చ లైటు పడుతుంది. ఆరేళ్ల క్రితం, నడవగలిగిన రోజుల్లో, పాత రిజిస్టర్లు ఎక్కడైనా ఉన్నాయేమోనని ఆ ఆఫీసు పట్నంలో ఏ భవనంలోకి మారిందో కనుక్కుని వెళ్లాను. మూడు గదులు తిప్పారు. నాలుగో గదిలో ఒకాయన మర్యాదగా కుర్చీ వేసి, "అంత పాతవి ఉండవండీ, అన్నీ తీసేశారు. మీకు ఏ సర్టిఫికెట్ కావాలి?" అన్నాడు. ఏదీ వద్దని చెప్పి మంచినీళ్లు తాగి వచ్చేశాను.

తప్పు పడిన పేజీ లేకుండా పోయింది, దిద్దడానికి చోటు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. అలుగు దగ్గర ఇంజను ఆగినది. కారణము, ట్యాంకు మూత రంధ్రములో మైనము. పెట్టినది గేజ్ రీడరు నర్సింహులు కూతురు సుగుణ, వయసు పదేళ్ల నాలుగు నెలలు. డ్రైవరు ఖాజా తప్పు లేదు. ఆలస్యముగా రాయబడినది.